సున్నపురాయి గుహలో మంచుయుగపు ఎముకలు కనబడితే ఏం చేయాలి, వాటిని ఎలా చదవాలి

1821లో ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్ ప్రాంతంలో, కిర్క్‌డేల్ దగ్గర రాళ్లు కొట్టే కార్మికులకు సున్నపురాతి గోడలో ఒక గుహ బయటపడింది. లోపలి బురదలో కనిపించిన ఎముకలు ఎప్పుడో తెగులు తగిలి చచ్చిన పశువులవి కాబోలని అనుకుని, వాటిని రాళ్లతో పాటు దారి గుంతల్లో పోసి పూడ్చారు. ఆ దారిన పోతున్న ఒక ప్రకృతి పరిశీలకుడి కంట పడడం వల్లనే మిగిలినవి దక్కాయి. ఆ తర్వాత ఆక్స్‌ఫర్డ్ భూగర్భ శాస్త్రవేత్త విలియం బక్లాండ్ వచ్చి చూస్తే వాటిలో దుమ్ములగొండి (హైనా), ఏనుగు, ఖడ్గమృగం, నీటిగుర్రం ఎముకలు ఉన్నాయి. దారి గుంతల్లోకి పోయిన వాటిలో ఏమేమి ఉన్నాయో ఇక ఎవరూ చెప్పలేరు.

గుహల్లో తిరిగేవారు, భూగర్భ శాస్త్రం చదివే విద్యార్థులు, క్వారీల్లో పనిచేసేవారు, అంటే నిపుణుల కంటే ముందే ఎముకలను చూసే అవకాశం ఉన్నవారి కోసం రాసిన మార్గదర్శిని ఇది. ఇందులో చెప్పిన పద్ధతులన్నిటి వెనుకా ఉన్న కారణం ఒక్కటే. గుహలో దొరికిన ఎముక ఏ పొరలో, ఏ లోతులో, దేని పక్కన, ఏ దిక్కుకు తిరిగి పడి ఉందో తెలిస్తేనే అది ఆ కాలం గురించి ఏమైనా చెబుతుంది. చోటు తెలియని ఎముక ఎంత అందంగా ఉన్నా అలమారలో అలంకారంగా మిగిలిపోతుంది. కాబట్టి మొదటి సూచన చాలా చిన్నది, పాటించడం మాత్రం కష్టం: కనబడిన వెంటనే చేయి చాచవద్దు.

ముందుగా తెలిసి ఉండవలసిన సంగతులు

మంచుయుగం అని మనం వాడుకగా పిలిచే ప్లీస్టోసీన్ కాలం సుమారు 25 లక్షల 80 వేల సంవత్సరాల క్రితం మొదలై, 11,700 సంవత్సరాల క్రితం ముగిసింది. ఆ కాలమంతా ఎడతెగని చలి అనుకోవడం పొరపాటు. హిమానీనదాలు విస్తరించిన దశలు, వాటి మధ్య ఇప్పటిలాగే వెచ్చగా ఉన్న దశలు మారిమారి వచ్చాయి. కిర్క్‌డేల్ నీటిగుర్రాలు సుమారు 1,20,000 సంవత్సరాల క్రితపు వెచ్చని దశలోనివి. ఉష్ణమండల ప్రాంతాల్లోని మైదానాలను మంచు కప్పలేదు. అక్కడ వాతావరణం చల్లబడి, ఎక్కువగా పొడిబారింది. అందువల్ల మంచుయుగపు శిలాజం అనగానే ఉన్ని మామత్ అనే బొచ్చు ఏనుగు కోసమే వెతకడం సరికాదు. ఇప్పటి జింకలు, ఎలుకలు, ముళ్లపందుల పూర్వీకుల ఎముకలు కూడా అంతే విలువైనవి, వాతావరణం గురించి చెప్పే విషయంలో ఒక్కోసారి అంతకంటే విలువైనవి.

రెండో సంగతి, గుహ గోడల వయసుకూ లోపలి ఎముకల వయసుకూ సంబంధం లేదు. సున్నపురాయి చాలావరకు పూర్వపు సముద్రాల అడుగున పేరుకున్నది. గోడలో గవ్వలు, పగడాలు కనిపిస్తే అవి రాయితో పాటు పుట్టినవి, కోట్ల సంవత్సరాల నాటివి. ఆ రాయి పైకి లేచిన తర్వాత, నేలలోని కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని కాస్త ఆమ్లంగా మారిన వాన నీరు పగుళ్ల వెంట దిగి, దానిని కరిగించి గుహను తొలిచింది. ఎముకలు ఆ ఖాళీలోకి చాలా ఆలస్యంగా వచ్చిన అతిథులు. గోడలోని గవ్వను, నేల మీది మట్టిలోని దవడను ఒకే జాబితాలో రాసి పంపేవారు తరచుగా కనిపిస్తారు కాబట్టే ఇంత విడమరచి చెప్పవలసి వస్తోంది.

సున్నపురాయి గుహల్లో ఎముకలు నిలిచి ఉండడానికి కారణం కూడా ఆ రాయిలోనే ఉంది. ఎముకలోని ఖనిజ భాగం కాల్షియం ఫాస్ఫేట్. ఆమ్ల గుణం ఉన్న మట్టిలో అది కరిగిపోతుంది. సున్నం నిండిన గుహ మట్టి ఆమ్లాన్ని విరిచేస్తుంది. పైగా లోపల ఎండ తగలదు, వేడి పెద్దగా మారదు, తేమ దాదాపు ఒకే స్థాయిలో ఉంటుంది. పైకప్పు నుంచి కారే నీటిలోని సున్నం నేల మీద ఫ్లోస్టోన్ అనే గట్టి పొరగా పేరుకుని కింది మట్టికి మూతలా పనిచేస్తుంది. ఈ మూతల గురించి కాలనిర్ణయం దగ్గర మళ్లీ మాట్లాడుకుందాం.

గుహలో అడుగు పెట్టేటప్పుడు

భద్రత సూచనలు క్లుప్తంగా చెబుతాను. వీటికి మినహాయింపులు లేవు. ఒంటరిగా వెళ్లవద్దు. ఎప్పటికి తిరిగి వస్తారో బయట ఉన్న ఒకరికి చెప్పి వెళ్లాలి. తల మీద హెల్మెట్, ఒక్కొక్కరి దగ్గర మూడు వేర్వేరు దీపాలు ఉండాలి. ఎగువన వాన పడుతుంటే నీటి మార్గం ఉన్న గుహలోకి దిగకూడదు. గబ్బిలాల రెట్ట పేరుకున్న చోట హిస్టోప్లాస్మోసిస్ అనే ఊపిరితిత్తుల వ్యాధిని కలిగించే శిలీంధ్రం ఉండవచ్చు కాబట్టి తగిన మాస్కు లేకుండా ఆ దుమ్మును రేపకూడదు. గాలి ఆడని పల్లపు గదుల్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది; కారణం లేకుండా ఆయాసం, తలనొప్పి మొదలైతే వెంటనే వెనుదిరగాలి. ఒక గుహలో వాడిన బూట్లు, దుస్తులు శుభ్రం చేయకుండా ఇంకో గుహకు తీసుకుపోకూడదు. 2006లో అమెరికాలో మొదట కనిపించి లక్షల గబ్బిలాలను చంపిన వైట్ నోస్ వ్యాధికి కారణమైన శిలీంధ్రం మనుషుల సామాన్లతో కూడా ప్రయాణించగలదు.

మన భద్రతతో పాటు నేల భద్రత కూడా చూడాలి. ఎముకలు కనబడ్డాయని తెలిసిన క్షణం నుంచి అందరూ ఒకే వరుసలో, ఒకరి అడుగులో ఒకరు వేస్తూ నడవాలి. 1994 డిసెంబర్‌లో ఫ్రాన్స్‌లోని షోవే గుహను కనుగొన్న ముగ్గురూ లోపల ఉన్నది ఏమిటో గ్రహించిన తర్వాత తాము నడిచే దారి మీద ప్లాస్టిక్ పట్టాలు పరిచారు. ఆ గుహలోని గోడ చిత్రాల గురించి అందరూ చెప్పుకుంటారు. కానీ నేల మీద ఉన్న, గుహ ఎలుగుబంటి అనే అంతరించిన జాతి అడుగు జాడలు, అవి పడుకున్న గుంతలు, వాటి పుర్రెలు ఇంకా చెదరకుండా ఉన్నాయంటే ఆ జాగ్రత్త కూడా ఒక కారణం. గుహ ఎలుగుబంట్లు శీతాకాలమంతా నిద్రపోవడానికి ఒరుసుకుని తిరిగిన చోట్ల గోడలు అద్దంలా నునుపెక్కుతాయి, మెత్తని గోడల మీద గోళ్ల గీతలు నిలిచిపోతాయి. నేల వైపే చూస్తూ నడిచేవారికి ఇవి తప్పిపోతాయి కాబట్టి, ఎముక కనబడిన చోట ఒకసారి గోడల మీద కూడా దీపాన్ని ఏటవాలుగా వేసి చూడాలి.

చోటును కాగితం మీదికి ఎక్కించడం

మొదట ఫోటోలు తీయాలి. దూరం నుంచి గది మొత్తం కనబడేలా ఒకటి, ఎముక చుట్టూ ఒక మీటరు మేర కనబడేలా ఒకటి, దగ్గరగా కనీసం మూడు కోణాల్లో ఇంకొన్ని. దగ్గరి ఫోటోల్లో ఒక స్కేలు, ఉత్తర దిక్కును చూపే గుర్తు ఉండాలి. నాణెమో పెన్ను మూతో పెట్టడం అలవాటుగా మారింది కానీ, ఇంకో దేశంలో కూర్చుని ఆ ఫోటో చూసే నిపుణుడికి ఆ నాణెం కొలత తెలియదు. కెమెరా ఫ్లాష్ నేరుగా వేస్తే ఎముక చదునుగా, తెల్లగా పడుతుంది. దీపాన్ని ఒక పక్క నుంచి నేలకు దగ్గరగా పట్టుకుంటే గీతలు, గాట్లు నీడలతో స్పష్టంగా తేలతాయి.

గుహ లోపల జీపీఎస్ పనిచేయదు. కాబట్టి గుహ ద్వారం దగ్గర జీపీఎస్ స్థానం రాసుకుని, అక్కడి నుంచి మలుపు మలుపుకూ టేపుతో దూరం, దిక్సూచితో దిశ, క్లైనోమీటర్‌తో వాలు కొలుస్తూ ఎముక వరకు రావాలి. ఇక్కడ చాలామంది చేసే తప్పు ఒకటుంది. హెల్మెట్ దీపం బ్యాటరీ, తాడు తగిలించే ఇనుప కొక్కెం (క్యారబీనర్), జేబులోని ఫోను దిక్సూచి ముల్లును పక్కకు లాగుతాయి. తల వంచి దిక్సూచిని కంటికి దగ్గరగా పెట్టుకుని చదివేవారి కొలతల్లో కొన్ని డిగ్రీల తేడా వస్తుంది. పది మలుపులు తిరిగేసరికి పటంలో గది అసలు చోటు నుంచి పక్కకు జరిగిపోతుంది. ప్రతి మలుపు దగ్గరా ముందుకు ఒకసారి, వెనక్కి ఒకసారి దిశ చదివి సరిపోల్చుకుంటే ఈ తప్పు అక్కడికక్కడే బయటపడుతుంది.

ఇంత పట్టింపు అవసరమా అన్న సందేహానికి ఇంగ్లండ్‌లోని కెంట్స్ కావర్న్ అనే గుహ మంచి జవాబు. అక్కడ విలియం పెంగెల్లీ 1865 నుంచి 1880 వరకు, పదిహేనేళ్ల పాటు తవ్వకం సాగించాడు. మట్టిని ఒక గజం పొడవు, ఒక అడుగు వెడల్పు, ఒక అడుగు లోతు ఉన్న దిమ్మెలుగా విభజించి, ఏ వస్తువు ఏ దిమ్మెలోంచి వచ్చిందో వరుస సంఖ్యతో నమోదు చేశాడు. కంప్యూటర్ కాదు కదా, సరైన విద్యుద్దీపం కూడా లేని రోజుల్లో కొవ్వొత్తి వెలుగులో చేసిన ఆ నమోదు వల్లనే ఇప్పటి పరిశోధకులు ఆ ఎముకలకు కొత్తగా కాలనిర్ణయం చేసి, వాటిని తిరిగి వాటి పొరల్లో అమర్చి చూడగలుగుతున్నారు. రాసిపెట్టిన సంఖ్యలకు గడువు తీరదు.

పొరలను కూడా రాయాలి. మట్టి గోడలా కోసుకుపోయిన చోటు ఏదైనా ఉంటే దాని ముందు టేపు నిలువుగా వేలాడదీసి, పై నుంచి కిందికి ఒక్కో పొర రంగు, మందం, అందులోని రాళ్ల పరిమాణం, వేళ్లతో నలిపితే ఇసుకలా తగులుతోందా బంకగా ఉందా అన్నది వివరంగా రాసుకోవాలి. ఎర్రమట్టి, దాని మీద పైకప్పు నుంచి రాలిన రాళ్లు, దాని మీద ఫ్లోస్టోన్ పొర, మళ్లీ మట్టి, ఇలాంటి వరుస కనబడితే ప్రతి పొర గీతనూ ఫోటోలో గుర్తించాలి. ఎముకలు, రాళ్లు, మట్టి సున్నంతో కలిసి కాంక్రీటులా గట్టిపడితే దానిని బ్రెక్సియా అంటారు. సుత్తి పెట్టి దాన్ని పగలగొట్టే పని మనది కాదు.

పాతదా, కొత్తదా?

గుహలో కనబడే ఎముకల్లో చాలావరకు మొన్నటి మేక, నిన్నటి కుక్క. కాబట్టి ఈ ప్రశ్న ముందే అడగాలి. దురదృష్టవశాత్తు రంగు, బరువు రెండూ మోసం చేస్తాయి. మట్టిలోని ఇనుము కొద్ది ఏళ్లలోనే ఎముకను గోధుమ రంగులోకి మార్చగలదు. 40,000 ఏళ్ల గుహ ఎముక తెల్లగా, తేలికగా కూడా ఉండవచ్చు, ఎందుకంటే గుహల్లో ఎముక పూర్తిగా రాయిగా మారకపోవడం సర్వసాధారణం. నాలుకకు అంటుకుంటే పాతది అనే పద్ధతి ఒకటి ప్రచారంలో ఉంది. కొల్లాజెన్ అనే ప్రోటీన్ పోయి సూక్ష్మ రంధ్రాలు తెరుచుకున్న ఎముక తేమను పీల్చుకుంటుంది కాబట్టి అంటుకునే మాట నిజమే. కానీ గబ్బిలాల రెట్టలో పడి ఉన్న వస్తువును నాలుకకు తాకించడం ఆరోగ్యానికి మంచిది కాదు, ఎముక మీద మన డీఎన్‌ఏను పూయడం పరిశోధనకు మంచిది కాదు.

నమ్మదగిన ఆధారం చోటే. పగలని ఫ్లోస్టోన్ పొర కింద ఉన్న ఎముక ఆ పొర కంటే పాతది. బ్రెక్సియాలో బిగుసుకున్నది, మనిషి పట్టలేని సందుల్లో పాత మట్టితో కలిసి ఉన్నది పాతదయ్యే అవకాశం ఎక్కువ. నేల మీద విడిగా పడి ఉన్నది, వెంట్రుకలు, నరాల పోగులు, జిడ్డు వాసన మిగిలి ఉన్నది కొత్తది. అయితే బొరియలు తవ్వే జంతువులు, వరద నీరు పాతవాటినీ కొత్తవాటినీ కలిపేస్తాయి. రెండు ఎముకలు పక్కపక్కన ఉన్నాయని ఒకే కాలంవని అనుకోరాదు. మట్టిలో ఉన్న కొద్దీ ఎముక ఫ్లోరిన్‌ను పీల్చుకుంటుంది కాబట్టి, ఒకే చోటి ఎముకల ఫ్లోరిన్ శాతాలు పోల్చి ఏవి కలిసి పూడాయో చూడవచ్చు. మనిషి పుర్రెకు ఒరాంగుటాన్ దవడను జతచేసి మానవ పూర్వీకుడిదని నమ్మించిన పిల్ట్‌డౌన్ మోసం 1953లో బయటపడడంలో ఈ పరీక్షకు పాత్ర ఉంది.

ఎముక మనిషిదన్న అనుమానం ఏమాత్రం కలిగినా అక్కడితో ఆగి పోలీసులకు చెప్పాలి. వయసు తేల్చే పని వారు, నిపుణులు చూసుకుంటారు. గోళ్లు ఊడిపోయిన ఎలుగుబంటి పంజా ఎముకలు మనిషి చేతి ఎముకలను అచ్చం పోలి ఉంటాయి కాబట్టి, ఇలాంటి పిలుపు వృథా అయినా సిగ్గుపడవలసింది లేదు.

ఏ జంతువు? పళ్లు చెప్పినంతగా ఏదీ చెప్పదు

ముక్కలైన పక్కటెముకను చూసి జంతువు పేరు చెప్పడం నిపుణులకు కూడా కష్టం. పన్ను ఒక్కటి దొరికితే చాలా విషయం తేలుతుంది. శరీరంలో అన్నిటికంటే గట్టిదైన పింగాణి పొర వల్ల పళ్లు మిగతావాటి కంటే ఎక్కువగా నిలుస్తాయి, పైగా ప్రతి జంతువు ఆహారాన్ని బట్టి వాటి ఆకారం వేరుగా ఉంటుంది. కర్నూలు గుహలే ఇందుకు ఉదాహరణ. అక్కడి ఎముకల గురించి 1844లో కెప్టెన్ న్యూబోల్డ్ రాశాడు. నలభై ఏళ్ల తర్వాత, 1884లో, భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు హెన్రీ బేతంచర్ల దగ్గరి బిల్లసర్గం గుహల్లో తవ్వకాలు మొదలుపెట్టారు. వారు పంపిన పళ్లు, ఎముకలను పరిశీలించిన రిచర్డ్ లిడెకర్ 1886లో ఒక ఖడ్గమృగానికి రైనోసెరస్ కర్నూలియెన్సిస్ అని కర్నూలు పేరే పెట్టాడు.

పన్నును చూసే పద్ధతి ఇది. దాన్ని నమిలే తలం పైకి వచ్చేలా ఫోటోలో పెట్టుకుని, భూతద్దంతో పింగాణి అంచులు ఎలా మెలికలు తిరిగాయో చూడాలి. నెలవంకల ఆకారంలో, జంటలు జంటలుగా అంచులు కనబడితే అది జింక, ఎద్దు, మేక వంటి నెమరువేసే జంతువు. పన్ను పొడవుగా, నలుచదరపు కడ్డీలా ఉండి, పింగాణి అంచు ముడతలు ముడతలుగా అల్లుకుని ఉంటే గుర్రం. కొత్తవారు గుర్రాన్నీ ఎద్దునూ ఎక్కువగా పొరబడతారు. పై దవడ పళ్లను పోల్చితే గుర్రపు పన్ను మీది అల్లిక ఎంత చిక్కగా ఉంటుందో ఒకసారి చూసినవారు మళ్లీ మరచిపోరు. గణితంలో వాడే పై (π) గుర్తు ఆకారంలో అంచులు కలిస్తే అది ఖడ్గమృగపు పై దవడ చర్వణకం, అంటే వెనుక ఉండే నమిలే పన్ను. పింగాణి పలకలను పుస్తకంలో పుటల్లా నిలువుగా పేర్చి అతికించినట్టు ఉంటే ఏనుగు కుటుంబం. ఉన్ని మామత్ చివరి చర్వణకంలో ఇలాంటి పలకలు 20కి పైగా, పల్చగా, దగ్గర దగ్గరగా ఉంటాయి.

మాంసాహారుల్లో పులి, సింహం జాతి పళ్లు కత్తెర అలుగుల్లా ఉంటాయి. దుమ్ములగొండికి వాటితో పాటు లావుపాటి శంకువుల్లాంటి అగ్రచర్వణకాలు (చర్వణకాలకు ముందుండే పళ్లు) ఉంటాయి, అవి ఎముకను పగలగొట్టే సుత్తులు. దుమ్ము అంటే తెలుగులో ఎముక అన్న అర్థం ఉందని గుర్తు చేసుకుంటే, ఆ జంతువుకు ఆ పేరు పెట్టినవారు దాని తిండిని బాగానే గమనించారని తెలుస్తుంది. ఎలుగుబంటి చర్వణకాలు వెడల్పుగా, పొట్టి బుడిపెలతో ఉంటాయి. 1794లో రోజెన్‌ముల్లర్ అనే శాస్త్రవేత్త ఉర్సస్ స్పీలియస్ అని పేరు పెట్టిన గుహ ఎలుగుబంటికి కోరపన్ను వెనుక ఉండవలసిన మొదటి మూడు అగ్రచర్వణకాలు సాధారణంగా ఉండవు. ఆ ఖాళీ, బాగా వెడల్పైన చర్వణకాలు దాని శాకాహారపు అలవాటుకు గుర్తు. పంది జాతి పళ్ల మీది బుడిపెలు అరిగిపోయాక మనిషి పన్నులా కనిపిస్తాయి. 1922లో హెన్రీ ఫెయిర్‌ఫీల్డ్ ఆస్‌బర్న్ అంతటి పేరున్న శాస్త్రవేత్త అమెరికాలో దొరికిన ఒక పన్నును మానవ పూర్వీకుడిదని ప్రకటించాడు. అది పెకరీ అనే పంది లాంటి జంతువుదని 1927లో తేలింది. అందువల్ల నివేదికలో జంతువు పేరు ఖాయంగా రాయవద్దు. పోలి ఉంది అని రాసి, ఎందుకు పోలి ఉందో ఒక వాక్యంలో చెబితే చాలు.

ఎన్ని జంతువులు అన్న ప్రశ్నకు ఎముకల సంఖ్య జవాబు కాదు. ఒకే జాతికి చెందిన ఎడమ కింది దవడలు మూడు, కుడివి రెండు దొరికితే కనీసం మూడు జంతువులు ఉన్నట్టు లెక్క. పాలపళ్లు, బాగా అరిగిన పళ్లు ఎక్కువగా ఉంటే అది కూడా రాయాలి. గుహ ఎలుగుబంట్ల నిక్షేపాల్లో పిల్లలు, ముసలివి ఎక్కువగా కనబడడానికి కారణం శీతనిద్రలో తగినంత కొవ్వు లేక అవే చనిపోవడం.

ఎవరు తెచ్చారు?

ఈ ప్రశ్న దగ్గరే పని ఆసక్తికరంగా మారుతుంది. ఒక జంతువు గుహలో బతికి అక్కడే చచ్చి ఉండవచ్చు, పైకప్పు రంధ్రంలోంచి పడి ఉండవచ్చు, ఇంకో జంతువు దాన్ని నోట కరచుకుని తెచ్చి ఉండవచ్చు, వరద తోసుకొచ్చి ఉండవచ్చు. కిర్క్‌డేల్ గుహ ద్వారంలో ఏనుగు పట్టదు. ప్రళయంలో ఎక్కడి నుంచో కొట్టుకొచ్చాయని చాలామంది నమ్ముతున్న రోజుల్లో, బక్లాండ్ ఒక సంచార జంతు ప్రదర్శనలోని బతికి ఉన్న దుమ్ములగొండికి ఎద్దు కాలి ఎముక వేసి, అది నమిలి వదిలిన ముక్కలను గుహ ముక్కల పక్కన పెట్టి చూశాడు. విరిగిన తీరు, పంటి గుర్తులు సరిపోయాయి. ఆ గుహ దుమ్ములగొండుల స్థావరం, మిగతావన్నీ వాటి భోజనం.

ఇప్పుడు మనం చూడవలసిన గుర్తులూ అవే. పొడవాటి ఎముక రెండు చివరలూ కొరికేసి మధ్య గొట్టం మాత్రమే మిగలడం, అంచు అలలు అలలుగా తిని ఉండడం దుమ్ములగొండి పని. దాని కడుపులో అరిగి బయటికి వచ్చిన ముక్కలు అంచులు పల్చబడి, మైనం కరిగినట్టు నునుపుగా ఉంటాయి. ఎముక పొడి వల్ల తెల్లబడి గట్టిపడిన దాని మల శిలాజాలు గుండ్రని ఉండల్లా దొరుకుతాయి. వాటిని రాళ్లనుకుని పక్కన పడేయవద్దు. వెడల్పుగా, చదునుగా, ఒకదాని పక్కన ఒకటి సమాంతరంగా ఉన్న గాట్లు ముళ్లపంది ముందు పళ్లవి (కుంతకాలవి). అది పళ్లు అరగదీసుకోవడానికి ఎండు ఎముకలను పోగు చేస్తుంది. చిట్టెలుకల ఎముకలు వందల కొద్దీ ఒకే చోట కుప్పగా ఉంటే పైన ఏదో అరుగు మీద గుడ్లగూబ కూర్చుని, జీర్ణం కాని ఉండలను కక్కి ఉంటుంది.

పైకప్పు రంధ్రం కింద శంకువులా పేరుకున్న మట్టి దిబ్బలో, కొరికిన గుర్తులు లేని పూర్తి అస్థిపంజరాలు ఉంటే అది సహజంగా ఏర్పడిన బోను. అమెరికాలోని వయోమింగ్ రాష్ట్రంలో ఉన్న నేచురల్ ట్రాప్ గుహ సుమారు 26 మీటర్ల లోతున్న గంట ఆకారపు గొయ్యి. అందులో పడిన గుర్రాలు, తోడేళ్లు, చిరుతల వంటివి పైకి రాలేదు. ఆస్ట్రేలియాలోని నారకూర్ట్ గుహలు కూడా ఇలాంటివే. 1969లో అక్కడ విక్టోరియా ఫాసిల్ గుహలో కొత్త గది బయటపడినప్పుడు, సంచి సింహంగా పిలిచే థైలకోలియో వంటి అంతరించిన జంతువుల ఎముకలు పరుచుకుని ఉన్నాయి. 1994లో ఆ గుహలకు ప్రపంచ వారసత్వ హోదా వచ్చింది.

రెండు చోట్ల తొందరపాటు ఎక్కువ. ఎముక మీద నల్లని మచ్చలు చూడగానే కాల్చారని రాస్తారు. గుహ తేమలో మాంగనీసు ఖనిజం పేరుకున్నా అదే నలుపు వస్తుంది, చాలాసార్లు చెట్టు కొమ్మల్లా చీలిన మరకలుగా. సన్నని గీతలు చూడగానే రాతి పనిముట్టుతో కోశారంటారు. ఇసుక రేణువులున్న మట్టి మీద జంతువులు తొక్కినా అలాంటి గీతలు పడతాయి. ఈ తేడా సూక్ష్మదర్శిని కింద తేలవలసిందే.

తీయక తప్పనప్పుడు

అనుమతి లేకుండా, నిపుణుల ఆధ్వర్యం లేకుండా ఎముకను తీయకూడదు. శిలాజాల చట్టాలు దేశానికో రకంగా ఉన్నా, దాదాపు అన్ని చోట్లా గుహలకు, తవ్వకాలకు నియమాలు ఉంటాయి. రేపటి వరదలోనో క్వారీ పేలుడులోనో పోతుందని తెలిస్తే మాత్రం, సంబంధిత అధికారులకు ఫోను చేసి, వారు సరేనంటే, పైన చెప్పిన నమోదు అంతా పూర్తి చేసి తీయాలి.

చేతికి కొత్త నైట్రైల్ తొడుగులు, ముఖానికి మాస్కు వేసుకోవాలి. ఎముకను మట్టిలోంచి పీకకుండా, చుట్టూ ఉన్న మట్టితో సహా ముద్దగా తీయాలి. లోహపు పరికరాల కంటే వెదురు పుల్ల, మెత్తని కుంచె మేలు. మిగిలిన మట్టిని పారేయకుండా వేరే సంచిలో పెట్టాలి, ఎందుకంటే ప్రయోగశాలలో ఒక మిల్లీమీటరు జల్లెడలో కడిగితే ఎలుకల పళ్లు, గబ్బిలాల దవడలు, కప్పల ఎముకలు బయటపడతాయి. ఆనాటి చుట్టుపక్కల గడ్డి మైదానం ఉందో అడవి ఉందో ఏనుగు కంటే ఈ చిన్న జీవులే నికరంగా చెబుతాయి.

తడి ఎముకను ఎండలో పెట్టకూడదు. త్వరగా ఆరితే పైపొర బిగుసుకుని, నిలువునా పగుళ్లు విచ్చుకుని, పొరలు పొరలుగా ఊడిపోతుంది. సంచికి సూది రంధ్రాలు కొన్ని పెట్టి, చల్లని నీడలో రోజుల తరబడి నెమ్మదిగా ఆరనివ్వాలి. నీళ్లతో కడగవద్దు. సున్నపు పెచ్చు ఊడదీయడానికి వెనిగర్ వాడవద్దు. ఆమ్లం పెచ్చుతో పాటు ఎముకను కూడా తింటుంది. ప్రయోగశాలల్లో కాల్షియం ఫాస్ఫేట్ కలిపిన పలుచని ఎసిటిక్ ఆమ్లాన్ని, గంట గంటకూ చూసుకుంటూ వాడతారు. ఇంట్లో ఉన్న జిగురు, వార్నిష్ పూయవద్దు. నిపుణులు ఎసిటోన్‌లో కరిగించిన పారలాయిడ్ బి-72 అనే ప్రత్యేక జిగురు వాడతారు, దానిని తర్వాత మళ్లీ కరిగించి తీయవచ్చు. అది కూడా కాలనిర్ణయానికి, డీఎన్‌ఏకు నమూనా తీసిన తర్వాతే పూయాలి.

వయసు ఎలా తేలుస్తారు

రేడియోకార్బన్ పద్ధతి ఎముకలో మిగిలిన కొల్లాజెన్ మీద పనిచేస్తుంది. కార్బన్-14 అర్ధజీవితం 5,730 సంవత్సరాలు కాబట్టి సుమారు 50,000 సంవత్సరాలు దాటితే కొలవడానికి తగినంత మిగలదు. అంతకంటే వెనక్కి పోవాలంటే ఫ్లోస్టోన్ పొరలే దిక్కు. నీటితో వచ్చిన యురేనియం ఆ సున్నంలో చిక్కుకుని, క్రమంగా థోరియంగా మారుతుంది. ఆ నిష్పత్తిని కొలిచి సుమారు 5 లక్షల సంవత్సరాల వరకు వయసు చెప్పగలరు. ఎముకకు పైన ఉన్న పొర వయసు, కింద ఉన్న పొర వయసు తెలిస్తే ఎముక ఆ రెండిటి మధ్యదని తేలుతుంది. ఏ ఫ్లోస్టోన్ పొర పైన, ఏది కింద ఉందో మనం ముందు రాసుకోకపోతే ఈ లెక్క మొత్తం కూలిపోతుంది. పళ్ల పింగాణికి ఎలక్ట్రాన్ స్పిన్ రెసొనెన్స్ అనే ఇంకో పద్ధతి ఉంది. దానికి పన్నుతో పాటు దాని చుట్టూ ఉన్న మట్టి కూడా కావాలి, ఎందుకంటే పన్ను ఏటా ఎంత వికిరణం పీల్చిందో ఆ మట్టిని బట్టే లెక్కిస్తారు.

చల్లని గుహల్లో డీఎన్‌ఏ చాలా కాలం నిలుస్తుంది. స్పెయిన్‌లోని సిమా దె లోస్ ఉయెసోస్ గుహలో దొరికిన, 3 లక్షల సంవత్సరాలకు పైబడిన ఎలుగుబంటి ఎముక నుంచి మైటోకాండ్రియా జన్యుక్రమాన్ని 2013లో ప్రచురించారు. చెవి లోపలి భాగాన్ని చుట్టి ఉండే గట్టి పెట్రస్ ఎముకలో డీఎన్‌ఏ బాగా నిలుస్తుంది కాబట్టి, పుర్రె ముక్క ముతకగా, అందవికారంగా ఉందని తక్కువగా చూడవద్దు.

నివేదిక, తర్వాతి పని

దగ్గరలోని విశ్వవిద్యాలయ భూగర్భ శాస్త్ర విభాగానికో, జాతీయ భూగర్భ సర్వే సంస్థకో, ప్రకృతి చరిత్ర మ్యూజియంకో రాయాలి. మొదటి ఉత్తరంలో ఎవరు, ఎప్పుడు చూశారో, గుహ స్థలం ఎవరిదో, ఏమి కదిపారో, ఏమి కదపలేదో స్పష్టంగా చెప్పి, ఫోటోలు, పటం జత చేయాలి. పొరపాటున ఏదైనా కదిపి ఉంటే దాచవద్దు. ఎముక రెండు అడుగులు జరిగిందని తెలిస్తే నిపుణుడు సర్దుకోగలడు, తెలియకపోతే తప్పుడు చోటునే నిజమనుకుంటాడు. గుహ ఎక్కడుందో తెలిపే వివరాలు, ఫోటోలో దాగి ఉండే జీపీఎస్ సమాచారంతో సహా, బహిరంగంగా పెట్టవద్దు. శిలాజాలు అమ్ముకునేవారు ఆ ఫోటోలను మనకంటే శ్రద్ధగా చూస్తారు.

తీసిన ప్రతిదానికీ సంచి లోపల ఒక చీటీ, బయట ఒక చీటీ ఉండాలి, రెండూ పెన్సిల్‌తో రాసినవి కావాలి. తేమ తగిలితే సిరా కారిపోతుంది, పెన్సిల్ రాత చెదరదు. తీయకుండా వదిలిన వాటి విషయంలో, వరద కాలం గడిచాక మళ్లీ వెళ్లి, మొదటి ఫోటో తీసిన చోటనే నిలబడి, అదే స్కేలు పెట్టి ఇంకోటి తీయాలి. రెండు ఫోటోలు పక్కపక్కన పెడితే నీరు ఎంత మట్టిని కోసుకుపోయిందో, కొత్తగా ఏ ఎముక అంచు బయటపడిందో తెలుస్తుంది, తవ్వకం ఎంత త్వరగా మొదలుపెట్టాలో నిపుణులు దానిని బట్టే నిర్ణయిస్తారు.